డెవలప్‌మెంట్‌కు ఇచ్చిన నగరం

"స్థలం డెవలప్‌మెంట్‌కు ఇచ్చాం" అన్న మాటను తెలుగు పట్టణాల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. తాతగారు కట్టించిన ఇల్లు ఉంటుంది, చేతిలో డబ్బుండదు. బిల్డరుకు మేస్త్రీలుంటారు, సిమెంటు అరువు తెచ్చే పరపతి ఉంటుంది, స్థలం ఉండదు. ఇద్దరూ కాగితం రాసుకుంటారు. రెండు మూడేళ్లకు ఇంటాయనకు నాలుగు ఫ్లాట్లు, బిల్డరుకు నాలుగు ఫ్లాట్లు, వీధికి అదనంగా ఒక నీళ్ల ట్యాంకరు. ఇది మన దగ్గర పుట్టిన తెలివేనని చాలామంది అనుకుంటారు. మనకంటే ముప్పై ఏళ్ల ముందే ఒక దేశ రాజధానిలో చాలా భాగం ఈ బేరంతోనే లేచింది. ఆ రాజధాని ఏథెన్స్.

ఏథెన్స్ అనగానే మనకు పార్థెనాన్ స్తంభాలు గుర్తొస్తాయి. ఆ పురాతన గుడి ఉన్న అక్రోపోలిస్ కొండ ఎక్కి కిందికి చూస్తే కనిపించేది వేరు. తెల్లవి, లేత గోధుమరంగువి, ఐదారంతస్తుల కాంక్రీటు పెట్టెలు చుట్టూ ఉన్న కొండల దాకా సందు లేకుండా పరుచుకుని ఉంటాయి. యాత్రికులు ముఖం చిట్లించి కెమెరాను మళ్లీ స్తంభాల వైపు తిప్పుతారు. నాకైతే ఆ పెట్టెల మీదే ఆసక్తి. వాటిని రాజు కట్టించలేదు, ప్రభుత్వమూ కట్టించలేదు. పెద్ద కంపెనీలకూ వాటిలో పాత్ర తక్కువే. వేల సంఖ్యలో జరిగిన చిన్న చిన్న బేరాలు గట్టిపడి నగరమయ్యాయి.

ఆ బేరం ఎలా నడిచిందో చూడాలంటే కిప్సెలీ పేట మంచి చోటు. నగరం నడిబొడ్డుకు ఉత్తరంగా, పతిసియోన్ వీధికి తూర్పున ఉంటుంది. గ్రీకులో కిప్సెలీ అంటే తేనెటీగల గూడు. పేరెందుకు వచ్చిందో గానీ, 1960ల తర్వాత అతికినట్టు సరిపోయింది. పేట మధ్యలో ఫోకియోనోస్ నెగ్రీ అనే చెట్ల వీధి ఉంది. ఒకప్పుడు అది వాగు. 1930లలో దానిమీద కప్పు వేసి వీధిగా మార్చారు. 1935లో కట్టిన మునిసిపల్ మార్కెట్ ఇంకా ఉంది. మధ్యలో కూల్చాలని చూస్తే పేటవాసులే అడ్డుపడి నిలబెట్టుకున్నారు. యుద్ధానికి ముందు ఈ చుట్టుపక్కల పెరళ్లున్న ఒకటి రెండంతస్తుల ఇళ్లే ఎక్కువ. 1950 నుంచి 1980 లోపు వాటిలో చాలా భాగం పోయి, ఇరుకు వీధులకు ఇరువైపులా పోలికతికియాలు వచ్చాయి. 'చాలా కాపురాలున్న ఇల్లు' అని ఆ మాటకు అర్థం. మన అపార్ట్‌మెంటే.

ముందు చట్టం సంగతి చూద్దాం. నేల ఎవరిదో నేలమీది కట్టడమూ వారిదేనన్నది రోమన్ల కాలం నాటి సూత్రం. దాని ప్రకారం మూడో అంతస్తును విడిగా అమ్మడమంటే గాలిని అమ్మినట్టే. 1922లో టర్కీ చేతిలో గ్రీసు ఓడిపోయింది. మరుసటి ఏడాది జనాభా మార్పిడి ఒప్పందం కుదిరింది. ఆసియా మైనర్, అంటే ఇప్పటి టర్కీ ప్రాంతం, నుంచి మొత్తం మీద సుమారు 12 లక్షల మంది శరణార్థులు, యాభై లక్షల జనాభా ఉన్న దేశంలోకి వచ్చిపడ్డారు. ఆ ఇళ్ల కరువులో, 1929లో వచ్చిన 3741వ నంబరు చట్టం పాత సూత్రాన్ని పక్కన పెట్టింది. ఒకే భవనంలో ఒక్కో అంతస్తు, అంతస్తులో ఒక్కో భాగం వేర్వేరు మనుషుల సొంతం కావచ్చు. నేల మాత్రం విడదీయరాని వాటాలుగా అందరిదీ. మన దస్తావేజుల్లో "అవిభాజ్య వాటా ఇన్ని చదరపు గజాలు" అని రాసేది ఇదే. మనకు అపార్ట్‌మెంట్ల చట్టం 1987లో గానీ రాలేదు. గ్రీకులు వాటాను గజాల్లో చెప్పుకోరు. భవనాన్ని వెయ్యి భాగాలు చేసి, మీ ఫ్లాటుకు 62, మా ఫ్లాటుకు 48 అని పంచుకుంటారు. ఈ వెయ్యి లెక్క తర్వాత మళ్లీ వస్తుంది.

రెండో ప్రపంచయుద్ధం, జర్మన్ల ఆక్రమణ, వెంటనే 1946 నుంచి 1949 వరకు అంతర్యుద్ధం. పల్లెల్లో బతకలేనివాళ్లు, పల్లెల్లో ఉంటే ప్రాణానికి ముప్పనుకున్నవాళ్లు రాజధానికి చేరారు. ఏథెన్స్ మహానగర జనాభా 1951లో సుమారు 13.8 లక్షలు. 1971కల్లా 25.4 లక్షలైంది. ఇదే కాలంలో బ్రిటన్, ఫ్రాన్స్ ప్రభుత్వాలు సొంతంగా లక్షల ఇళ్లు కట్టాయి. గ్రీసు 1954లో కార్మికుల గృహ సంస్థ ఒకటి పెట్టింది గానీ అవసరం ముందు అది ఏ మూలకూ చాలలేదు. 2012లో అప్పుల సంక్షోభం నడుమ దాన్నీ మూసేశారు.

బ్యాంకుల దగ్గరికి వెళ్తే గృహరుణం దొరకడం గగనం. సొంత నోటు మీదే జనానికి నమ్మకం లేదు. 1944 ద్రవ్యోల్బణంలో డ్రాక్మాలు చిత్తుకాగితాలయ్యాయి. 1953లో డ్రాక్మా విలువను మళ్లీ సగానికి తగ్గించారు. ఇళ్ల బేరాలను చాలాకాలం బ్రిటిష్ బంగారు కాసుల్లో మాట్లాడుకున్నారు. దాచుకోవడానికి నమ్మకమైన చోటు లేనప్పుడు ఇటుక, సిమెంటే బ్యాంకు. మనవాళ్లకు ఇది కొత్తగా చెప్పేదేమీ కాదు.

ఈ పరిస్థితిలో ఆంటిపరోహీ పని చేసింది. 'బదులుగా ఇచ్చేది' అని మాటకు అర్థం. ఒక విధవరాలికి కిప్సెలీలో చిన్న పెరటి ఇల్లు ఉందనుకుందాం. ఎర్గోలావోస్, అంటే కాంట్రాక్టరు, వచ్చి బేరం పెడతాడు. ఇల్లు కూల్చి పన్నెండు ఫ్లాట్లు కడతాడు. ఆమెకు నాలుగో ఐదో ఇస్తాడు. ఒకటి ఆమె ఉండడానికి, ఒకటి కూతురి పెళ్లికి, మిగతావి అద్దెకు. మిగిలిన ఏడెనిమిదింటిలో కొన్నిటిని పునాది పడకముందే అమ్మేస్తాడు. కొన్నవాళ్లు స్లాబుకింత చొప్పున డబ్బు కడుతూ పోతారు. ఆ డబ్బుతోనే పై స్లాబు లేస్తుంది. డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? ఊళ్లో ఆలివ్ తోట అమ్మితే వచ్చింది, ఓడల్లో పనిచేసే కొడుకు పంపితే వచ్చింది, జర్మనీ ఫ్యాక్టరీల నుంచి వచ్చింది. కొన్న ఫ్లాటు చాలాసార్లు కూతురి కట్నం కిందికి వెళ్లేది. గ్రీసులో కట్నం ఆచారాన్ని చట్టం 1983 దాకా గుర్తించింది. అంటే వియ్యంకుల మధ్య లెక్కలు కూడా ఈ భవనాల పునాదుల్లో ఉన్నాయి.

ఇందులో ప్రభుత్వం చేసింది ముఖ్యంగా రెండే పనులు. ఆ మార్పిడి మీద పన్నులు పెద్దగా వేయకుండా చూసీ చూడనట్టు ఊరుకుంది. ఎంత ఎత్తు కట్టొచ్చో చెప్పే నిబంధనలను అప్పుడప్పుడు సడలించింది. 1967లో సైనికాధికారులు అధికారం లాక్కున్నాక, 1968లో తెచ్చిన శాసనంతో అదే స్థలంలో ఇంకా ఎక్కువ కట్టుకోనిచ్చారు. కాంట్రాక్టరుకు లాభం, స్థలం యజమానికి ఇంకో ఫ్లాటు, పల్లెనుంచి వచ్చిన కూలీకి పని. సొంత తలుపు తాళంచెవి జేబులో ఉన్నవాడు వీధుల్లోకి రాడన్నది అంతర్యుద్ధం చూసిన పాలకుల లెక్క అని కూడా విశ్లేషకులు అంటారు. లెక్క సరైనదో కాదో గానీ, ఒక దశలో గ్రీసులో పది కుటుంబాల్లో ఎనిమిదికి సొంతిల్లు ఉండేది. జర్మనీలో నేటికీ ఆ పరిస్థితి లేదు.

ఇక్కడొక వింత. 1933లో ప్రపంచ ప్రసిద్ధ వాస్తుశిల్పులు మార్సెయ్ నుంచి ఓడెక్కి ఏథెన్స్ వెళ్తూ, ఆధునిక నగరం ఎలా ఉండాలో చర్చించారు. ఆ చర్చల సారాన్ని వారిలో ఒకడైన లె కోర్బుజియే 1943లో ఏథెన్స్ చార్టర్ పేరుతో ప్రచురించాడు. నివాసం ఒకచోట, పని ఒకచోట, విహారం ఒకచోట, పచ్చిక మధ్య దూరదూరంగా ఎత్తైన భవనాలు. ఈ సూత్రాలు ఎన్నో దేశాలకు పాకాయి. వాటికి పేరిచ్చిన ఊరు మాత్రం సరిగ్గా తలకిందులు చేసింది. కింద కిరాణా, మొదటి అంతస్తులో పళ్ల డాక్టరు, రెండో అంతస్తులో వకీలు, పైన కాపురాలు, అన్నీ ఒకే మెట్ల వరసలో. పాలకో మందులకో కారు తీయాల్సిన పని కిప్సెలీలో నేటికీ లేదు. అంత జనసాంద్రతను మనుషులు భరించగలుగుతున్నారంటే ముఖ్య కారణం ఇదేనని నా అభిప్రాయం.

భవనం రూపం కూడా బేరం లోంచే వచ్చింది. వీధి వెడల్పును బట్టి ఎత్తు నిర్ణయమయ్యేది. ఆపైన కట్టే అంతస్తులు మెట్లుమెట్లుగా వెనక్కి జరగాలి, వీధిలోకి వెలుతురు పడాలి కదా. అలా వెనక్కి జరిగిన పై అంతస్తును రెటిరే అంటారు. ముందు పెద్ద డాబా, తలెత్తితే ఆకాశం, కొన్నిచోట్ల దూరంగా అక్రోపోలిస్. మన పెంట్‌హౌస్‌కు ఉన్న దర్జా దానికీ ఉంది. పక్క భవనానికి ఆనించి కడతారు కాబట్టి పక్కలకు కిటికీలుండవు. వెనకాల మిగిలిన ఖాళీని అకాలిప్టోస్ అంటారు, 'కప్పనిది' అని. వీధి అంచున చుట్టూ భవనాలు కట్టుకుంటూ వస్తే మధ్యలో అందరి ఖాళీలూ కలిసి పెద్ద తోట కావాలి. యజమానికొక గోడ చొప్పున ముక్కలైంది. పిల్లులు, విరిగిన కుర్చీలు, అక్కడక్కడ ఒక నిమ్మచెట్టు.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్న పేరు ఫొటగొగోస్. 'వెలుతురును తెచ్చేది'. వంటగదులకూ స్నానాలగదులకూ గాలి ఆడడానికి భవనం మధ్యలో వదిలే బావిలాంటి సందు, మనం డక్ట్ అనేది. వెలుతురు సంగతేమో గానీ తక్కినవన్నీ తెస్తుంది. రెండో అంతస్తులో వెల్లుల్లి వేగుతున్న వాసన, నాలుగో అంతస్తు రేడియో, అర్ధరాత్రి ఎవరిదో దగ్గు, మూసుకున్న తలుపు వెనక మొదలై తెరిచి ఉన్న కిటికీలోంచి భవనమంతా వినిపించే భార్యాభర్తల వాదన. అడుగున సూర్యుడు ఎన్నడూ చేరని సిమెంటు నేల మీద పై అంతస్తుల నుంచి జారిపడిన బట్టల క్లిప్పులు. ఇరవై కుటుంబాల సంగతులు ఆ బావికి తెలుసు. మెట్ల మీద ఎదురైనప్పుడు మాత్రం అందరూ ఏమీ విననట్టే కలిమేరా, అంటే శుభోదయం, చెప్పుకుంటారు.

బావి అడుగునా పైనా ఒకే రకం మనుషులు ఉండరు. సమాజశాస్త్రవేత్త థామస్ మలుటాస్ ఏథెన్స్ మీద చేసిన పరిశోధనలో ముఖ్యమైన మాట ఇది. మనకు తెలిసిన నగరాల్లో ధనికుల పేట వేరు, పేదల బస్తీ వేరు. ఏథెన్స్ నడిబొడ్డులో ఆ విభజన పేటల మధ్య కాక నిలువునా, అంతస్తుల మధ్య ఉంది. రెటిరేలో డాక్టరుగారు, మూడో అంతస్తులో గుమాస్తా కుటుంబం, కింద సగం నేలలోకి దిగిన గదుల్లో కూలీ కుటుంబం. ఆ గదుల కిటికీలోంచి వీధిలో పోయేవారి బూట్లు కనిపిస్తాయి. భవనం తలుపు ఒక్కటే, లిఫ్టు ఒక్కటే, పిల్లలు వెళ్లే బడి కూడా చాలాసార్లు ఒక్కటే. పేదలనూ ధనికులనూ వేరుచేసే హద్దులు చూసి విసిగిన బయటి దేశాల పరిశోధకులకు ఇది ముచ్చటగా అనిపిస్తుంది. ముచ్చటపడేముందు ఒకటి గమనించాలి. ఒకే లిఫ్టు ఎక్కినంత మాత్రాన ఒకే బతుకు కాదు. కింది గదిలో తేమకు గోడ బూజుపడితే పై అంతస్తులో ఎవరికీ దగ్గు రాదు.

1970ల చివరికి కార్లు పెరిగాయి. వీధులు మాత్రం వాగుల కాలం నాటివే. నగరం మీద నెఫోస్ అని పిలిచే గోధుమరంగు పొగమేఘం నిలిచేది. 1987 జులై వడగాడ్పులకు దేశంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. భవనాలకు వేడి, చలి ఆపే పొర వేయాలన్న నిబంధన 1979లో గానీ రాలేదు. కిప్సెలీలోని చాలా భవనాలు అంతకుముందువి. స్తోమత ఉన్నవాళ్లు ఉత్తరాన కిఫిసియా వైపో, దక్షిణాన సముద్రం వైపో వెళ్లిపోయారు. 1981లో 8.85 లక్షలున్న ఏథెన్స్ మునిసిపాలిటీ (మహానగరంలో నడిబొడ్డు భాగం) జనాభా 2021కి 6.43 లక్షలకు తగ్గింది. సుమారు 39 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో అది ఇప్పటికీ చిక్కటి జనాభానే.

వెళ్లినవాళ్లు ఫ్లాట్లు అమ్మలేదు, అద్దెకిచ్చారు. 1990 తర్వాత అల్బేనియా నుంచి, పోలెండ్ నుంచి, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవాళ్లు కింది అంతస్తుల్లో చేరారు. వలస వచ్చినవాళ్ల కోసం ఎవరూ ప్రత్యేకంగా కాలనీ కట్టలేదు. ఖాళీ అయిన ఒక్కో ఫ్లాటులోకి ఒక్కో కుటుంబం వచ్చింది. నేల ముక్కలుగా పంచుకున్న పద్ధతే, ఎవరూ అనుకోకుండా, కొత్తవాళ్లకు నగరం మధ్యలో చోటిచ్చింది.

అదే పంపకం ఇబ్బంది పెట్టిన సందర్భమూ ఉంది. ఇక్కడే ఆ వెయ్యి లెక్క మళ్లీ వస్తుంది. ప్రతి భవనంలో లిఫ్టు పక్కన నెలనెలా ఒక కాగితం అంటిస్తారు. కినోహ్రిస్తా, అంటే ఉమ్మడి ఖర్చులు. మెట్ల కరెంటు, లిఫ్టు, శుభ్రం చేసేవారి జీతం, చలికాలంలో బాయిలరుకు డీజిల్. ఎవరెంత కట్టాలో వేయోవంతుల వరసలో ఉంటుంది. నేల అంతస్తు దుకాణం వాడు లిఫ్టు డబ్బు ఎందుకు కట్టాలన్న గొడవ అక్కడా ఉంది. మా అపార్ట్‌మెంటులో ఆ గొడవకు పన్నెండేళ్లు నిండాయి, గ్రౌండ్ ఫ్లోరు వాళ్ల అబ్బాయి బీటెక్ అయిపోయింది, గొడవ మాత్రం ఇంకా మొదటి సంవత్సరంలోనే ఉంది.

అప్పుల సంక్షోభకాలంలో జీతాలు, పింఛన్లు కోసేశారు. ఇంటి పన్నును 2011లో కరెంటు బిల్లుకే తగిలించారు. 2012 అక్టోబరులో చలికాచుకునే డీజిల్ మీద పన్ను బాగా పెంచారు. బాయిలరు భవనం మొత్తానికీ ఒక్కటే. పద్దెనిమిది మంది కడితే ట్యాంకు నిండుతుంది. ఆరుగురు కట్టలేమంటే? కట్టగలిగినవాళ్లు వాళ్ల భాగమూ భరించాలి, లేదా అందరూ వణకాలి. ఎన్నో భవనాల్లో సమావేశాలు పెట్టుకుని, అరుచుకుని, చివరికి బాయిలరు ఆపేశారు. వీలున్నవాళ్లు ఏసీలు బిగించుకున్నారు. లేనివాళ్లు దొరికిన కర్రా చెక్కా పొయ్యిలో పెట్టారు. పాత తలుపులు, రంగువేసిన ఫర్నిచరు కూడా. ఆ చలికాలాల్లో ఏథెన్స్ మీద కట్టెల పొగ మబ్బులా కమ్మింది. ఎవరి గదిలో వారు రాజులే, ఉమ్మడి గొట్టంలో మాత్రం చన్నీళ్లు.

ఇప్పుడు భవనాలకు యాభై, అరవై ఏళ్లు. పైపులు తుప్పుపట్టాయి, బాల్కనీ అంచుల్లో కాంక్రీటు రాలి ఇనుప చువ్వలు కనిపిస్తున్నాయి. 1999 సెప్టెంబరు భూకంపంలో 143 మంది చనిపోయాక భయమూ పెరిగింది. మరి కూల్చి మళ్లీ కట్టొచ్చు కదా? మన దగ్గర ఇప్పుడు జరుగుతున్నది అదే. 1990ల నాటి అపార్ట్‌మెంట్లను యజమానులంతా కలిసి రెండోసారి డెవలప్‌మెంట్‌కు ఇస్తున్నారు. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క, మీద పరిమితి లేదు, రోడ్డు వెడల్పు ఉంటే ఇంకా ఎత్తుకు వెళ్లొచ్చు, అందుకే రెండో బిల్డరుకూ గిట్టుబాటవుతుంది. ఏథెన్స్‌లో సైనిక పాలన కాలం నాటి ఉదారతను తర్వాతి ప్రభుత్వాలు వెనక్కి తీసుకున్నాయి. చాలా భవనాలను కూలిస్తే ఇప్పుడున్నన్ని అంతస్తులు మళ్లీ కట్టనివ్వరు. కాంట్రాక్టరుకు అమ్ముకోవడానికి అదనపు ఫ్లాటు మిగలదు. దానికి తోడు, ఒక్కో భవనంలో ఇరవై మంది యజమానులు, వారిలో ఒకరు మెల్బోర్న్‌లో, ఒకరు చనిపోయి వారసులు ఐదుగురు. సంతకాలకే ఒక తరం పడుతుంది.

బేరం ఒకేసారి పనిచేసేలా కుదిరింది. కాబట్టి భవనం అలాగే నిలబడి ఉంటుంది, లోపలి ఫ్లాట్లే ఒక్కొక్కటిగా చేతులు మారతాయి. 2013లో గ్రీసు, రెండున్నర లక్షల యూరోల ఆస్తి కొన్న విదేశీయులకు నివాస అనుమతి ఇవ్వడం మొదలుపెట్టింది. 2024లో ఏథెన్స్ ప్రాంతానికి ఆ మొత్తాన్ని ఎనిమిది లక్షలకు పెంచారు. ఈలోపు కొనేవాళ్లు కొన్నారు. రోజుల లెక్కన యాత్రికులకు అద్దెకిచ్చేవాళ్లూ పెరిగారు. కిప్సెలీలో కొత్త కాఫీ హోటళ్లు, చిత్రశాలలు వచ్చాయి. వాటి వెనకే అద్దెలూ ఎక్కాయి. అయినా ఒక పెద్ద సంస్థ వచ్చి వీధినంతా ఒక్కసారిగా కొనేయలేదు, ఆ ఇరవై మంది యజమానులు అడ్డు. మార్పు ఫ్లాటు వెంట ఫ్లాటుగా వస్తుంది, ఎవరికీ ఒకేసారి కనిపించదు.

చూడదలచుకుంటే భవనం ప్రవేశద్వారం పక్కనున్న కాలింగ్‌బెల్ పలకను చూడాలి. ఇత్తడి పలక, బొత్తానికొక పేరు. పై వరసలో ఇంటిపేరు పాత లిపిలో చెక్కి ఉంటుంది, యాభై ఏళ్లుగా మారలేదు. దాని కింద కాగితం మీద టైపు చేసినవి, చేత్తో రాసినవి, ఒక అల్బేనియన్ పేరు, ఒక నైజీరియన్ పేరు, దాని మీద అంటించి సగం చిరిగిన ఇంకో పేరు. కొన్ని బొత్తాల పక్కన పేరు లేదు, అంకె ఉంది. అక్కడ ఉండేవారి తాళంచెవి, గేటు చువ్వకు బిగించిన నంబరు తాళం పెట్టెలో వేలాడుతుంటుంది.